బుద్దాం నుంచి దంతవక్త్రుని కోట దాకా: ఊళ్ల పేర్ల వెంట ఏడు రోజులు

ఊళ్ల పేర్ల పిచ్చి నాకు మామయ్య నుంచే అంటుకుంది. ముప్ఫై ఏళ్లు తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. బస్సు కిటికీలోంచి ఊరి బోర్డు కనిపిస్తే చాలు, ఆ పేరుని ముక్కలు విడగొట్టి వెనకాల ఏముందా అని వెతుకుతారు. మొన్న సంక్రాంతికి బాపట్ల వెళ్లినప్పుడు భోజనాల దగ్గర ఏయే ఊళ్లు ఒకప్పుడు బౌద్ధుల ఊళ్లో అన్న మాట వచ్చింది. ఫలానా ఊరి పేరులో 'బోధ' వినిపిస్తోంది కాబట్టి అది బౌద్ధుల ఊరు, ఫలానా దాని చివర 'రామం' ఉంది కాబట్టి అది ఆరామం, అంటే బౌద్ధ భిక్షువులుండే చోటు అంటూ ఫోన్లలో తిరిగే పెద్ద పెద్ద జాబితాలు చూపించాను. మామయ్య కంచంలో చెయ్యి అలాగే ఉంచి, "పేరు ఒక్కటే చెప్తే సరిపోదమ్మా, నేల కూడా అదే మాట చెప్పాలి" అన్నారు. అయితే వెళ్లి నేలనే అడుగుదాం అన్నాను. పండగ వెళ్లిన నాలుగో రోజు పొద్దున్నే కారు తీశాం.

మొదటి రోజు: బుద్దాం, భట్టిప్రోలు

ముందు దగ్గర్లోనే ఉన్న బుద్దాం. కర్లపాలెం మండలంలో చిన్న ఊరు. పేరు చూస్తే ఇంకేం వెతకాలి అనిపిస్తుంది, కానీ మామయ్య పెట్టిన షరతు నేల కూడా చెప్పాలని కదా. ఇక్కడ నేల చెప్పింది. 19వ శతాబ్దంలో ఈ ఊళ్లో దొరికిన కంచు బుద్ధ విగ్రహాలు ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, అక్కడ వాటిని పిలిచేది కూడా ఈ ఊరి పేరుతోనే. ఊళ్లో మాత్రం చూడటానికేమీ మిగల్లేదు. టీ కొట్టు దగ్గర ఒక కుర్రాడికి ఫోన్‌లో ఆ విగ్రహాల ఫోటో చూపిస్తే చాలాసేపు చూశాడు, జూమ్ చేసి మళ్లీ చూశాడు, "ఇది మా ఊళ్లో దొరికిందా అక్కా?" అని రెండుసార్లు అడిగి, ఫోటో తనకి పంపించుకున్నాడు.

అక్కణ్ణుంచి చెరుకుపల్లి మీదుగా భట్టిప్రోలు. స్తూపం ఎక్కడండీ అని ఒక పెద్దాయన్ని అడిగాం. నా మొహం చూసి "విక్రమార్క కోట దిబ్బ అని ఒకటుందమ్మా, మీరడిగేది అది కాదనుకుంటా" అని ఆగిపోయాడు. తర్వాత మామయ్యని పక్కకి పిలిచి చెప్పాడు. సంగతి నాకు ముందే తెలుసు. స్తూపం ఉన్న దిబ్బని జనం లంజదిబ్బ అనేవారు. గుడివాడలో స్తూపం ఉన్న దిబ్బకీ ఇదే పేరు. ఎవరో భోగం మనిషి అక్కడ మేడ కట్టుకుందని కథ. బుద్ధుడి ధాతువులు, అంటే అస్థికలు దాచిన చోటుకి ఆ పేరు ఎలా పట్టిందో తల్చుకుంటే బాధేస్తుంది. నాకు తోచింది ఇదీ: అక్కడ దీపం పెట్టేవాళ్లు వెళ్లిపోయారు, కథ చెప్పేవాళ్లు పోయారు, ఇటుకల గుట్ట మాత్రం మిగిలింది. తర్వాత వచ్చినవాళ్లు దానికి తమకి తెలిసిన కథ ఏదో అతికించుకున్నారు.

1892లో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రే ఈ దిబ్బని తవ్వినప్పుడు రాతి పెట్టెలు బయటపడ్డాయి, వాటి మీద అక్షరాలున్నాయి. ఆ అక్షరాలు మామూలు అశోకుడి బ్రాహ్మికి కొంచెం వేరుగా ఉండటంతో దాన్ని భట్టిప్రోలు లిపి అనే పిలుస్తున్నారు. ఆ రాతల్లో కుబిరకుడనే రాజు పేరు ఉంది కానీ, మామయ్యకి ఇష్టమైనది ఇంకో వాక్యం. స్తూపం చుట్టూ నడుస్తూ నోట్‌బుక్ తీసి చదివారు. కుర వాళ్ల నాన్న, కుర వాళ్ల అమ్మ, కుర, ఇంకా సివ, వీళ్లు కలిసి "బుధసరిరానం", అంటే బుద్ధుడి శరీర ధాతువులు దాచడానికి, మజూస ఒకటీ ఫాలిగ షముగం ఒకటీ చేయించారని. మజూస అంటే మన మంజూష, మందసం. ఫాలిగ షముగం అంటే స్ఫటికపు భరిణె. రెండు వేల ఏళ్లకి పైబడిన వాక్యంలో ఒక అమ్మ, ఒక నాన్న, వాళ్లబ్బాయి!

మరి ఊరి పేరు? భట్టిప్రోలు ఒకప్పటి ప్రతీపాలపురం అని చాలాచోట్ల రాస్తారు. 'ప్రోలు' అంటే ఊరు, పట్నం, అందులో తగాదా లేదు. కానీ ఆ పెట్టెల మీద ఎక్కడా ప్రతీపాలపురం అని లేదు. ఇక్కడ నేల గట్టిగా మాట్లాడింది, పేరు మాత్రం నోరు విప్పలేదు. మామయ్య నోట్‌బుక్‌లో ప్రతీపాలపురం పక్కన పెన్సిల్‌తో ప్రశ్న గుర్తు పెట్టారు.

రెండో రోజు: ఘంటసాల

రాత్రి రేపల్లెలో ఉండి పొద్దున్నే పెనుమూడి-పులిగడ్డ వారధి మీద కృష్ణ దాటాం. మంచు ఎంత దట్టంగా ఉందంటే నది కనపడలేదు, పడవ ఇంజను చప్పుడు మాత్రం కింద నుంచి వినిపించింది. అవనిగడ్డ, చల్లపల్లి దాటాక రోడ్డుకి రెండు పక్కలా మినుము చేలు, కనుచూపు మేరలో గుట్ట అన్నది లేని చదును నేల. ఈ చదునుని గుర్తు పెట్టుకోండి, దీంతో పనుంది.

ఘంటసాల అనగానే మనకి పాట గుర్తొస్తుంది, ఆ మహానుభావుడి ఇంటిపేరు ఈ ఊరిదే. ఊళ్లో అడిగితే గంట ఉన్న శాల కాబట్టి ఘంటశాల అని చెప్తారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ రెండో శతాబ్దంలో టాలెమీ అనే గ్రీకు భూగోళవేత్త మన తీరంలోని రేవుల్ని రాస్తూ కొంటకొస్సైల అని ఒక వర్తక పట్నాన్ని చెప్పాడు. నాగార్జునకొండలో బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనంలో, కంటకసేలలో మహాచేతియం (పెద్ద స్తూపం) తూర్పు వాకిట రాతి మండపం కట్టించానని ఉంది. ఘంటసాలలోనే దొరికిన శాసనాల్లో కంటకసోల అని ఊరి పేరు వచ్చింది, పైగా మహానావికుడు సివకుడి పేరూ వచ్చింది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? గ్రీకువాడు చెప్పాడు, ఎక్కడో కొండ మీద ఒక భక్తురాలు చెప్పింది, ఊళ్లో రాయే చెప్పింది. కంటకసేలలో మధ్య 'క' జారిపోయి, మిగిలినదానికి ఎవరో సంస్కృతం మెరుగు పెట్టి గంటనీ శాలనీ తెచ్చారు, అంతే.

స్తూపం దగ్గరికి వెళ్లాం. ఇటుక గోడలు మధ్య నుంచి బండిచక్రం ఆకుల్లా బయటికి పరుచుకుని ఉన్నాయి. ఆకుల మధ్య గడ్డి మొలిచింది. నేను గట్టు మీద కూర్చుని, ఎన్నాళ్ల నుంచో మనసులో ఉన్న మాట అడిగేశాను. సిద్ధార్థుడు ఇల్లు విడిచి వెళ్లిన రాత్రి ఎక్కిన గుర్రం పేరు కంథకం కదా, కంటకసేలకీ ఆ గుర్రానికీ సంబంధం ఉందేమో? ఇది నా సొంత ఊహ అనుకున్నాను, తర్వాత చూస్తే చాలామందికి వచ్చిన ఊహే.

మామయ్య మాట్లాడకుండా పుల్లతో మట్టిలో రెండు గుర్తులు గీశారు. ఒకటి కుడివైపు నోరు తెరిచిన సగం సున్నా. రెండోది నిండు సున్నా, నడుమ చుక్క. "మొదటిది బ్రాహ్మి 'ట', రెండోది 'థ'. గుర్రానికి చుక్క ఉన్న సున్నా కావాలి. బోధిసిరి శాసనంలో ఉన్నది సగం సున్నా. కంటకం అంటే ముల్లు." నోట్‌బుక్‌లో అతికించుకున్న శాసనం అచ్చు ముద్రని తెరిచి చూపించారు. వేలు పెట్టి వెతుక్కున్నాను. నిజమే, సగం సున్నానే. మనసు చివుక్కుమంది, గుర్రం అంటే అంత ఇష్టపడ్డాను మరి. కానీ ఇంత కచ్చితంగా తేలిపోవడంలో ఒక సంతోషం కూడా ఉంది.

అయితే ఇంకో చిక్కు మిగిలింది. సేల అంటే శైలం, కొండ. ఇక్కడ కొండేదీ? పొద్దున చెప్పిన చదును ఇదే. పూర్వశైలీయులు, అపరశైలీయులు అని ఆంధ్ర బౌద్ధంలో శాఖలే ఉన్నాయి, వాళ్ల ప్రాకృతం పేర్లలో ఈ 'సేల' మాటే ఉంటుంది. కొండ లేని ఈ రేవు పట్నానికి ఆ మాట ఊరికే వచ్చిందని నేననుకోను. అలాంటి విహారం ఏదో ఇక్కడ ఉండి, ఊరికి ఆ మాట తగిలిందని నా నమ్మకం. ఈ ఒక్కదానికీ మామయ్య ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు.

వెళ్లేముందు జలధీశ్వరుడి గుడికి వెళ్లాం. ఒకే పానవట్టం మీద శివుడూ పార్వతీ. జలధి అంటే సముద్రం, ఇప్పుడది ఇక్కడికి చాలా దూరం. రేవు పోయింది, పడవలు పోయాయి, ఇక్కడి స్తూపం శిల్పాల్లో ఒకటి, మారుడు బుద్ధుడి మీదికి వచ్చే ఘట్టం, పారిస్‌లో గిమే మ్యూజియానికి చేరింది. సముద్రం మాత్రం దేవుడి పేరులో ఉండిపోయింది.

మూడో రోజు: అమరావతి, ధరణికోట

అమరావతి గురించి చాలామంది రాశారు, నేను పేర్ల వరకే చెప్తాను. అమరావతి అన్న పేరు అమరేశ్వరుడి వల్ల వచ్చింది. 18వ శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి నుంచి ఇక్కడికి మారి ఊరు కట్టించాడు. అసలు పాత పట్నం పక్కనున్న ధరణికోట. శాసనాల్లో అది ధంఞకడ, ధనకడ, అంటే ధాన్యకటకం. ఏడో శతాబ్దంలో వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయెన్ త్సాంగ్ కూడా ఈ పేరునే తన భాషలో రాసుకున్నాడు. కోట గోడల కట్ట మీద నిలబడి చుట్టూ చూస్తే 'ధాన్యం' ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు. ధాన్యకటకంలో బౌద్ధం మాట ఏదీ లేదు చూడండి. అంత పెద్ద మహాచైత్యం ఉన్న ఊరి పేరు పంట గురించి! పేరులో బుద్ధుడు లేకపోతే ఊరిని వదిలేసే జాబితాలు ఈ ఒక్క ఊరి దగ్గరే ఓడిపోతాయి.

స్తూపం దిబ్బని జనం దీపాలదిన్నె అనేవారు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్లు ఝల్లుమంది. భట్టిప్రోలు దిబ్బకి పట్టిన పేరెక్కడ, ఇదెక్కడ. ఇక్కడ దీపాలు వెలిగిన జ్ఞాపకం ఊరి నాలుక మీద మిగిలి ఉందని అనుకోవాలనిపిస్తుంది, రుజువు అడిగితే నా దగ్గర లేదు. 1797లో సర్వేయరు కోలిన్ మెకంజీ వచ్చేటప్పటికే కొత్త ఊరి కట్టడాల కోసం ఇటుకలూ పాలరాళ్లూ తవ్వుకుపోతున్నారు, ఆయన 1816లో మళ్లీ వచ్చి బొమ్మలు గీయించాడు, 1845లో మద్రాసు ప్రభుత్వ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించాడు. ఆ రాళ్లు మద్రాసుకీ, అక్కణ్ణుంచి లండన్‌కీ వెళ్లాయి. ఇప్పుడు మిగిలింది గడ్డి పట్టిన గుండ్రటి చదును, అక్కడక్కడ నిలబెట్టిన రాళ్లు. మధ్యాహ్నం ఎండలో ఇద్దరం చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాం, ఎవరు ముందు మొదలుపెట్టామో తెలీదు.

తుళ్లూరు వైపు వెళ్తుంటే వడ్డమాను వచ్చింది. నేను 'ఇదీ బౌద్ధమే' అనబోయాను. మామయ్య, "వర్ధమానుడు ఎవరమ్మా?" అన్నారు. మహావీరుడు! జైనుల పేరు. పాత పేరు కనిపించగానే బుద్ధుడి ఖాతాలో వేసేస్తే జైనులకి అన్యాయం చేసినట్టేనని దారంతా చెప్తూనే ఉన్నారు.

నాలుగో రోజు: జగ్గయ్యపేట

ఇక్కడ ఎక్కువసేపు లేం. ఇదీ వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడే తన తండ్రి పేరుతో కట్టించిన పేట, అంతకుముందు బేతవోలు. స్తూపం ఉన్న గుట్ట ధనంబోడు. పేరు చూసి ధనం ఉందని ఎంతమంది గునపాలు పట్టారో. అక్కడ బయటపడ్డ ఆయక స్తంభాల మీద, అంటే స్తూపం వాకిట వరసగా నిలబెట్టే స్తంభాల మీద, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలపు శాసనం ఉంది. నాకచంద అనే శిల్పి కొడుకు సిధథ, వేలగిరిలో మహాచేతియం తూర్పు వాకిట అయిదు స్తంభాలు నిలిపానని చెప్పుకున్నాడు. తన తండ్రిది కమ్మకరఠలోని నడతూరు అని కూడా చెప్పాడు. రాజు వేయించిన శాసనమైతే నేను ఇంత మురిసిపోయేదాన్ని కాదు. వేలగిరి అన్న పేరు ఊరు మర్చిపోయింది, ఒక పనివాడి రాయి దాచిపెట్టింది.

అయిదో రోజు: గుంటుపల్లి

ఏలూరు నుంచి కామవరపుకోట వైపు, జీలకర్రగూడెం పక్కన. మెట్లెక్కుతుంటే చెట్ల నీడ, కోతులు, మనుషులెవరూ లేరు. కొండని తొలిచి చేసిన గుండ్రటి చైత్యం గుమ్మంలో వంగి లోపలికి వెళ్తే నడుమ స్తూపం, చుట్టూ ఒక్క మనిషి నడిచేంత దారి. తల ఎత్తి చూస్తే పైకప్పు రాతిలో కర్ర వాసాలు చెక్కి ఉన్నాయి, గుండ్రటి పూరిపాక లోపల నిలబడి పైకి చూసినట్టే. రాతిని తొలిచే వాళ్లకి వాసాల అవసరమే లేదు. వాళ్లకి తెలిసిన ఇల్లు అలా ఉండేది కాబట్టి దేవుడింటికీ అవే వాసాలు పెట్టారు.

ఊరివాళ్లకి ఆ స్తూపం ధర్మలింగేశ్వరుడు. శివుడు సరే, ఆ 'ధర్మ' ఎక్కణ్ణుంచి వచ్చింది? శివాలయాల పేర్లలో ధర్మలింగేశ్వరుడు వేరేచోట కూడా ఉండొచ్చు కాబట్టి దీన్ని పట్టుకుని ఊగిపోకూడదని మామయ్య అన్నారు, నేను మాత్రం బౌద్ధుల ధర్మమే లింగం పక్కన చోటు అడిగి ఉండిపోయిందనుకుంటున్నాను. శాసనాల్లో ఈ కొండ పేరు మహానాగపర్వతం. కళింగ, మహిషక దేశాల ఏలిక సిరి సద దగ్గర లేఖకుడిగా చేసిన చుల గోమ ఇక్కడ మండపం దానమిచ్చాడు. ఇప్పటి గుంటుపల్లికీ మహానాగపర్వతానికీ ధ్వనిలో ఏ పోలికా లేదు, ఒక్క అక్షరం కలవదు. అయినా నేల నిండా బౌద్ధమే.

ఆరో రోజు: శంకరం

కారు ఏలూరులో చుట్టాలింట్లో వదిలేసి రైలెక్కి అనకాపల్లిలో దిగాం. బెల్లం సీజన్ కదా, స్టేషన్ బయటికి వస్తూనే ఆ వాసన. ఆటో మాట్లాడుకుంటే డ్రైవర్ "శంకరమా, బొజ్జన్నకొండకా?" అన్నాడు. అంటే ఊరి పేరూ కొండ పేరూ రెండూ వాడుకలో ఉన్నాయన్నమాట.

శంకరం అంటే ఎవరికైనా శంకరుడే తడతాడు. సంఘారామం, అంటే భిక్షువుల ఆరామం అన్నది అరిగి అరిగి శంకరం అయిందని పండితుల మాట. అలాగే బుద్ధుడి కొండ బొజ్జన్నకొండ అయింది. పేర్ల జాబితాల మీద నాకున్న అనుమానం ఇక్కడ కొంచెం సడలింది. ఒక పేరైతే పొరపాటు కావచ్చు. ఊరికి సంఘారామం, కొండకి బుద్ధుడు, రెండు పేర్లూ పక్కపక్కనే ఉండి ఒకే దిక్కు చూపిస్తుంటే, ఆ కొండ ఎక్కగానే రాతిలో తొలిచిన స్తూపాలూ గుహల్లో కూర్చున్న బుద్ధులూ కనిపిస్తుంటే ఇంకేం కావాలి? పదహారు స్తంభాల గుహలో నడుమ స్తూపం చుట్టూ తిరుగుతుంటే మామయ్య కూడా "ఇది ఒప్పుకుంటాను" అన్నారు. పక్క కొండ లింగాలకొండ. వరసలు వరసలుగా చెక్కిన చిన్న చిన్న స్తూపాల్ని జనం లింగాలనుకున్నారు. 1907లో అలెగ్జాండర్ రే ఇక్కడ తవ్వకాలు మొదలుపెట్టినప్పుడు సముద్రగుప్తుడి బంగారు నాణెం కూడా దొరికింది.

ఇక్కడ కనుమ రోజున ఒక బొజ్జ బొమ్మని రాక్షసుడని చెప్పి రాళ్లతో కొట్టే ఆచారం ఉండేది, తర్వాత మాన్పించారు. మేం వెళ్లింది కనుమ అయిన పది రోజుల్లోపే. కింద కొండపాదంలో గేదెని మేపుకుంటున్న ఒకావిడని అడిగితే, "చిన్నప్పుడు మేమూ ఏసేవోళ్లమమ్మా, ఎందుకేసేమో మాకు తెల్దు" అంది. తర్వాత కాసేపు ఆగి, "ఇప్పుడెవలూ ఎయ్యట్లేదులే" అని నాకు ధైర్యం చెప్తున్నట్టు అంది. ఆ మాట నాతో పాటు వచ్చేసింది.

సాయంత్రం విశాఖలో తొట్లకొండ ఎక్కాం. రాతిలో నీళ్ల తొట్లు ఉన్నాయి కాబట్టి తొట్లకొండ, దాని తోటి కొండ మీద బావులుంటే బావికొండ, భీమిలి దగ్గర పావురాలుంటే పావురాలకొండ. జనం కంటికి కనిపించిందే పేరు పెట్టారు. తొట్లకొండ అసలు పేరు సేనగిరి అని తవ్వకాల్లో దొరికిన శాసనం వల్లే తెలిసింది. చీకటి పడేదాకా సముద్రం చూస్తూ కూర్చున్నాం, ఆ రోజు ఇంక పేర్ల గురించి మాట్లాడుకోలేదు.

ఏడో రోజు: శాలిహుండం, దంతవక్త్రుని కోట

శ్రీకాకుళం నుంచి పొద్దున్నే శాలిహుండం. వంశధార ఒడ్డున కొండ, పైనుంచి చూస్తే నది కళింగపట్నం దగ్గర సముద్రంలో కలవబోతూ వెడల్పవుతుంది. 1919లో ఈ చోటుని గుర్తించింది గిడుగు రామమూర్తి పంతులు. వ్యావహారిక భాష కోసం పోరాడిన ఆ గిడుగే. మామయ్య అక్కడ చెప్పులు విప్పి నిలబడ్డారు, ఒక తెలుగు మాస్టారుకి అది గుడే మరి. శాలి అంటే వరి, కొండ కింద కోసేసిన వరి మళ్లు ఉన్నాయి. ధాన్యకటకంలో ధాన్యం, ఇక్కడ శాలి.

మధ్యాహ్నం ఆమదాలవలస మీదుగా సరుబుజ్జిలి వైపు. మట్టి గోడల పాత కోట. ఊరివాళ్లు దంతవక్త్రుని కోట అంటారు, భాగవత కథలో కృష్ణుడు చంపిన ఆ దంతవక్త్రుడు. కానీ బుద్ధుడి దంతధాతువుని కళింగంలో దంతపురంలో ఉంచి పూజించారని, అక్కణ్ణుంచి రహస్యంగా సింహళం చేర్చారని బౌద్ధుల కథ. తూర్పు గాంగ రాజుల రాగిరేకుల్లో దంతపురం పేరు వస్తుంది. ఆ దంతపురం ఇదేనని కొందరు, ఒడిశాలో అని కొందరు. ఇక్కడ బౌద్ధ అవశేషాలైతే బయటపడ్డాయి. ఎవరిదో చెప్పలేకపోయినా 'దంతం' మాత్రం పేరులో నిలిచిపోయింది. పన్ను గుర్తుంది, బుద్ధుణ్ణి మర్చిపోయారు, ఆ పన్నుకి ఒక మనిషిని వెతికితే దంతవక్త్రుడు దొరికాడు. ఇది నా ఊహే. ఘంటసాల గుర్రంలాగే ఇదీ ఏదో ఒక రోజు ఒక్క అక్షరంతో కూలిపోవచ్చు. సాక్ష్యం దొరికితే ఒప్పుకుంటాను.

కోటగట్టు మీద మట్టి జల్లెడ పడుతూ ఎవరూ లేరు, తవ్వకం గుంటల అంచులు వానకి కరిగి నున్నగా అయిపోయాయి. మామయ్య కాలి దగ్గర కుండపెంకు ఒకటి కనిపించింది, నల్లగా, ఒకవైపు మెరుస్తూ. తీసి చొక్కా అంచుతో తుడిచి నా చేతిలో పెట్టారు. లోపలివైపు కుమ్మరి వేళ్ల గీతలు వరసగా ఉన్నాయి, నా వేలు వాటిలో సరిగ్గా పట్టింది. రైలు టైమవుతోందని ఆటో అతను హారన్ కొట్టాడు. పెంకుని ఎక్కడ నుంచి తీశారో ఆ గుంటలోనే మామయ్య బోర్లించి పెట్టేశారు, పైన కాస్త మట్టి కప్పారు, నోట్‌బుక్ తెరిచి దంతపురం అని రాసి పక్కన పెన్సిల్‌తో ప్రశ్న గుర్తు పెట్టారు.